చరిత్రకారులే చెప్పే పాడ్‌కాస్ట్‌లు ఎవరెవరు వింటున్నారు? వాటిలో మన గోదావరి వైపు సంగతి ఏమైనా తగులుతుందా?

రొయ్యల_రాత్రులు (భీమవరం)
అందరికీ నమస్కారమండి. మాకు ఆకివీడు రోడ్డులో రొయ్యల చెరువులున్నాయి. అర్ధరాత్రి దాటాక తెల్లారేదాకా కాపలా నాది. కరెంటు పోయి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే కాసేపట్లోనే రొయ్య పైకి తేలిపోతుంది, అందుకని కునుకు తీయడానికి లేదు. టార్చి వేసుకుని గట్టు చుట్టూ తిరుగుతూ ఉండాలి. ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాను. రెండో చెవి జనరేటర్ కోసం, పాముల కోసం.

పాటలయ్యాయి, రాజకీయాలయ్యాయి, ఈమధ్య చరిత్రలో పడ్డాను. యూట్యూబులో తెలుగువి చాలానే విన్నాను. "మీకు తెలియని రహస్యం", "దాచేసిన చరిత్ర" అని మొదలెడతారు, వెనకాల యుద్ధం మ్యూజిక్ ఒకటి. అరగంట విన్నాక ఈయనకీ సంగతి ఎలా తెలిసిందా అని చూస్తే ఏమీ ఉండదు. తర్వాత ఎవరో ఎంపైర్ వినమన్నారు. విలియం డాల్రింపుల్, అనితా ఆనంద్ చేసేది, 2022లో మొదలైంది. ఈస్టిండియా కంపెనీ దగ్గర పట్టుకుని అక్కడి నుంచి ఆటోమన్లు, పర్షియా, రష్యా దాకా వెళ్ళారు. ఆయన పుస్తకాలు రాసిన మనిషి, ఆమె కూడా రాసింది, ఏ ఉత్తరంలో ఏముందో చెప్పి మరీ మాట్లాడతారు. ఇలాంటివి ఇంకేమున్నాయి? వాటిలో మనవైపు కబుర్లు ఉంటాయా, లేక అంతా ఢిల్లీ, కలకత్తాలేనా?

గోదారి_గట్టు (రాజమండ్రి)
ద రెస్ట్ ఈజ్ హిస్టరీ విను తమ్ముడూ. టామ్ హాలండ్, డొమినిక్ శాండ్‌బ్రూక్. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకుంటూ చెబుతారు, టైము తెలియదు. మనవైపు సంగతులు మాత్రం ఆశించకు. రోము, ఇంగ్లండు, అమెరికా ఎక్కువ. నేను వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు వింటాను, అంటే రోజూ వింటానన్నమాట.

కొవ్వూరు_మాస్టారు
చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

బాబూ, నువ్వు "చరిత్రకారులే చెప్పేవి" అన్నావు. అక్కడ కొద్దిగా విడగొట్టి చూడాలి. డాన్ కార్లిన్ అని అమెరికాలో ఒకాయన, హార్డ్‌కోర్ హిస్టరీ చేస్తాడు. ఒక్కో ఎపిసోడు నాలుగైదు గంటలు కూడా ఉంటుంది. నేను చరిత్రకారుణ్ణి కాను అని ఆయనే చెబుతాడు. మైక్ డంకన్ 2007 నుంచి 2012 దాకా రోము చరిత్ర మొత్తం వారం వారం చెప్పుకొచ్చాడు, ఆయనా ప్రొఫెసరు కాదు. అయినా ఇద్దరివీ వినదగ్గవే. రెండోవైపు, యూనివర్సిటీ డిగ్రీ ఉండి కూడా మైకు ముందు నోటికొచ్చింది చెప్పేవాళ్ళున్నారు. ఎవరు చెబుతున్నారన్నది సగమే. తనకెలా తెలిసిందో చెబుతున్నాడా లేదా అన్నది నేను మొదట చూస్తాను. మూలం చెప్పని చరిత్ర సంతకం లేని చెక్కులాంటిది, అంకె ఎంత పెద్దదైనా బ్యాంకులో చెల్లదు.

అలా చూస్తే నాకు అన్నిటికంటే నచ్చింది బీబీసీ వాళ్ళ ఇన్ అవర్ టైమ్. 1998 నుంచి వస్తోంది. నడిపిన మెల్విన్ బ్రాగ్ చరిత్రకారుడు కాదు, రేడియో మనిషి. 2025లో తప్పుకున్నారు. కానీ వారం వారం ముగ్గురు ప్రొఫెసర్లను కూర్చోబెట్టి, ఊకదంపుడు లేకుండా, "అది మీకెలా తెలుసు?" అని గదమాయించి అడిగేవారు. ఆ ముగ్గురూ ఒకరి మాట ఒకరు కాదనడం మనం వినొచ్చు. మన క్లాసుల్లో పిల్లలకి ఎప్పుడూ దొరకనిది ఇదే. అశోకుడి మీద ఉంది, ఈస్టిండియా కంపెనీ మీద ఉంది. ప్రతి ఎపిసోడుకీ చదవాల్సిన పుస్తకాల జాబితా వెబ్‌సైటులో పెడతారు. ఆఖర్న ప్రసారం అయిపోయాక నాలుగు నిమిషాలు "ఏం వదిలేశాం?" అని మాట్లాడుకుంటారు. అది మాత్రం వదలకండి.

గ్రూప్స్_అభ్యర్థి (అమలాపురం)
సార్, ఇవి వింటే గ్రూప్-2కి ఉపయోగముంటుందా? ఎపిసోడ్ల నోట్సు ఎవరైనా తయారు చేశారా, పీడీఎఫ్ ఉంటే పంపగలరు.

గోదారి_గట్టు
పీడీఎఫ్ అడగనిదే మనవాళ్ళకి ముద్ద దిగదు 😄

కొవ్వూరు_మాస్టారు
@గ్రూప్స్_అభ్యర్థి, బిట్లకి పనికిరావు నాయనా. బిట్టులో "శాతవాహనుల రాజధాని ఏది" అని అడిగితే ఒకటే జవాబు ఉండాలి. ఈ పాడ్‌కాస్ట్‌లో ముగ్గురు మనుషులు మూడు జవాబులు చెబుతారు, నువ్వు హాల్లో తికమకపడతావు. వ్యాసాలు రాసే మెయిన్స్‌కైతే సునీల్ ఖిల్నానీ చేసిన ఇన్‌కార్నేషన్స్ విను. యాభై మంది జీవితాలు, ఒక్కొక్కటి పావుగంట. శ్రీకృష్ణదేవరాయలు, మాలిక్ అంబర్ ఉన్నారు. బస్సులో అయిపోతాయి.

కోరంగి_కుర్రోడు (తాళ్ళరేవు)
మనవైపు సంగతి అంటే మా పాత ఓడరేవు కోరంగిని మించింది ఏముందండి! 1839లో వచ్చిన ఉప్పెనలో 3 లక్షల మంది పోయారు, 20 వేల ఓడలు మునిగిపోయాయి. ప్రపంచంలోనే అతి పెద్ద తుపానుల లిస్టులో మన పేరుంటుంది. ఇంగ్లీషు పాడ్‌కాస్ట్‌లో కూడా విన్నాను. దీని మీద పూర్తి ఎపిసోడు ఎవరైనా చేస్తే బాగుండు.

రొయ్యల_రాత్రులు
నేనూ విన్నానండి ఆ అంకె. ఓ తుపాను రాత్రి చెరువు గట్టు మీద వింటే టెన్షన్ వచ్చేసింది.

కొవ్వూరు_మాస్టారు
చెక్కు మీద సంతకం సంగతి ఇందాకే చెప్పాను కదా. ఇదిగో, సరిగ్గా ఇలాంటి చోటే చూడాలి.

1839 నవంబరులో కోరంగిని తుపాను ముంచెత్తిన మాట నిజం. అంతకు ముందు 1789 డిసెంబరులో ఇంకోటి వచ్చి ఊరిని తుడిచిపెట్టిన మాటా నిజం. హెన్రీ పిడింగ్‌టన్ అనే ఆయన కలకత్తాలో కూర్చుని ఓడల కెప్టెన్ల డైరీలు పోగేసి బంగాళాఖాతం తుపానుల్ని చదివాడు. సైక్లోన్ అనే మాట 1848లో పెట్టింది ఆయనే. 1789 నాటి కోరంగి ఉప్పెనను తన రాతల్లో ప్రస్తావించాడు.

ఇప్పుడు 3 లక్షల లెక్క చూద్దాం. 1821లో రాజమండ్రి జిల్లా మొత్తం జనాభా 7.38 లక్షలు అని కంపెనీ వాళ్ళ లెక్క. 1841కి అది 5.61 లక్షలైంది. తగ్గింది 1.77 లక్షలు. ఆ ఇరవై ఏళ్ళలో ఏమేం జరిగాయి? 1832–33 కరువు వచ్చింది. తర్వాత కూడా పంటలు పోయాయి. జనం ఊళ్ళు వదిలి పోయారు. ఆ తర్వాత ఈ తుపాను. అన్నీ కలిపి తగ్గింది అంత. మరి ఒక్క రాత్రిలో, సముద్రం ఒడ్డున ఒక్క రేవు చుట్టుపక్కల, 3 లక్షల మంది ఎలా పోతారు? ఇక 20 వేల ఓడలు! మడ అడవిలోని డింగీలు కూడా లెక్కేసినా అన్ని కోరంగి రేవులో పట్టవు.

కోరంగి_కుర్రోడు
అంటే మా తాతలు చెప్పింది అబద్ధమా మాస్టారూ? ఊళ్ళకి ఊళ్ళు పోయాయని మా నాయనమ్మ వాళ్ళ నాయనమ్మ చెప్పేదట.

కొవ్వూరు_మాస్టారు
ఊళ్ళకి ఊళ్ళు పోయాయన్నది నేను కాదనలేదు బాబూ. ఆవిడ అంకె చెప్పలేదు చూడు. అంకె తగిలించింది ఆ తర్వాతవాళ్ళు.

ద్రాక్షారామం_రాళ్ళు
మాస్టారి లెక్కకి చిన్న అడ్డు. 1821 జనాభా లెక్క కూడా కరణాలు ఊళ్ళ వారీగా రాసిచ్చింది. ఇల్లిల్లూ తిరిగి తీసింది కాదు. పన్ను ఎక్కువ పడుతుందని తక్కువ చూపిన ఊళ్ళూ ఉండి ఉంటాయి. పైగా ఇరవై ఏళ్ళలో పుట్టినవాళ్ళు కూడా ఉంటారు. కాబట్టి 1.77 లక్షలు మొత్తం చావులని కూడా అనకూడదు. అయినా 3 లక్షలు మాత్రం నిలబడదు, అందులో సందేహం లేదు.

కొవ్వూరు_మాస్టారు
ఒప్పుకుంటున్నాను. బాగా పట్టుకున్నారు. ఇన్ అవర్ టైమ్‌లో మూడో కుర్చీ మీదే.

చందుర్తి_రైతు (గొల్లప్రోలు)
నా గోల వేరు. ప్లాసీ యుద్ధం మీద ప్రతి పాడ్‌కాస్ట్‌లో గంట, రెండు గంటలు. వాందివాసి మీద ఇంకో గంట. మధ్యలో మా చందుర్తి ఉంది. 1758 డిసెంబరులో కాన్ఫ్లాన్స్ నడిపిన ఫ్రెంచి సైన్యాన్ని కర్నల్ ఫోర్డ్ మా ఊరి పొలాల్లో ఓడించాడు. విజయనగరం ఆనందగజపతి కబురు పెడితే క్లైవు బెంగాలు నుంచి ఫోర్డుని ఓడల మీద పంపాడు. ఫోర్డు అక్కడి నుంచి రాజమండ్రి, తర్వాత 1759 ఏప్రిల్లో బందరు పట్టుకున్నాడు. ఆ దెబ్బతో ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా జిల్లాల్లో, ఫ్రెంచివాళ్ళ పని అయిపోయింది. ఇంత జరిగితే ఇంగ్లీషు పాడ్‌కాస్ట్‌లలో ఒక్క వాక్యం. అదీ "కాండోర్" అంటారు, అందుకని మనకి మన ఊరే అని తెలియదు కూడా. వెతికేవాళ్ళు ఆ పేరుతో వెతకండి.

యానాం_బుస్సీ
😀 మా తాత ఫ్రెంచి బళ్ళో చదివాడు. ఆయన దగ్గర ఇదే యుద్ధం వేరేలా వినేవాణ్ణి. కాన్ఫ్లాన్స్ చేతకానివాడు గానీ, అంతకు ముందున్న ఫ్రెంచి సేనాని బుస్సీని వెనక్కి పిలవకపోతే కథ ఇంకోలా ఉండేదని. 1753లో నిజాం సలాబత్‌జంగ్ దగ్గర ఈ సర్కార్లన్నీ రాయించుకున్నది బుస్సీ. 1757లో బొబ్బిలి కోట మీదకి వెళ్ళిందీ ఆయనే.

నాకు ఫ్రెంచి కొంచెం వచ్చు కాబట్టి చెబుతున్నా. ఫ్రాన్స్ కుల్త్యూర్ రేడియోలో ల్ కూర్ ద్ లిస్త్వార్ అని రోజూ వస్తుంది, గ్జావియే మొదుయి అనే చరిత్రకారుడు నడుపుతాడు. కొలేజ్ ద్ ఫ్రాన్స్ ప్రొఫెసర్ల పాఠాలు కూడా ఉచితంగా ఆడియోలో ఉంటాయి. యానాంలో ఫ్రెంచి తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా కొంతమంది ఉన్నారు, వాళ్ళకి వినిపిస్తే కళ్ళు మెరుస్తాయి. 1954 దాకా ఇక్కడ ఫ్రెంచి జెండా ఉందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మన వైపు ఫ్రెంచి కాగితాలు పాండిచ్చేరిలో కొన్ని, ఫ్రాన్సులో ఎక్సాన్ ప్రొవాన్స్‌లోని దస్త్రశాలలో కొన్ని ఉన్నాయి.

పాలకొల్లు_పెంకుటిల్లు
అందరూ ఇంగ్లీషు, ఫ్రెంచి అంటున్నారు. మా డచ్చివాళ్ళని మర్చిపోయారు. పాలకొల్లులో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, పలకల మీద చెక్కిన అక్షరాలు చూస్తే ఎంత ఓపికరా అనిపిస్తుంది. ఇక్కడి నుంచి బట్టలు, నర్సాపురం వైపు నుంచి ఓడలు. 1600ల్లోనే మన గోదావరి పాయల మీద ఓడలు కట్టి సముద్రం మీదికి దించేవారు. టేకు పైనుంచి ఏట్లో తేలుకుంటూ వచ్చేది. 1825కి డచ్చివాళ్ళు వీటిని ఇంగ్లీషువాళ్ళకి వదిలేశారు. డచ్చి కంపెనీ కాగితాలు ద హేగ్‌లో వరసగా భద్రంగా ఉన్నాయి, యునెస్కో వాటిని 2003లో ప్రపంచ జ్ఞాపక సంపదలో చేర్చింది. సంజయ్ సుబ్రహ్మణ్యం లాంటివాళ్ళు ఆ కాగితాలు చదివే మన తీరం గురించి రాశారు. ఆయన ఇంటర్వ్యూలు, ఉపన్యాసాలు ఆడియోలో దొరుకుతాయి. మొదట తల తిరుగుతుంది, రెండోసారి వింటే దారిలో పడతారు.

గోదారి_గట్టు
సరే, ఇంతమంది చేరారు కాబట్టి అడుగుతున్నా. ఈ ఎంపైర్ లాంటివి వింటే బ్రిటిషువాళ్ళు మనల్ని దోచుకున్నారనే వస్తుంది. కరెక్టే. మరి కాటన్ దొర సంగతేంటి? మా ఇంట్లో గోదావరి స్నానానికి వెళితే సంకల్పంలో కాటన్ పేరు చెబుతారు పురోహితులు. ఊరూరా గుర్రం మీద విగ్రహాలు. ఆయన్ని కూడా దోపిడీ ఖాతాలో వేసేస్తారా వీళ్ళు?

ద్రాక్షారామం_రాళ్ళు
వేయరు, దేవుణ్ణీ చేయరు. మంచి చరిత్రకారుడి దగ్గర మీకు దొరికేది ఆ రెండూ కాదు. 1847లో ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట పని మొదలైంది, 1852కి పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు ముక్కలు. మధ్యలో లంకలు. కాటన్ దీనికి ముందు తంజావూరు వైపు కావేరి పాయ కొల్లడం మీద పనిచేశాడు. వదులు ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో కావేరి మీది పాత కల్లణై ఆనకట్ట కట్టినవాళ్ళ దగ్గర నేర్చుకున్నామని ఆయనే రాసుకున్నాడు. అంటే చోళుల నాటి పనితనం మన గోదావరిలో ఉంది. కొండరాయి మోయడానికి ధవళేశ్వరంలో పట్టాలు వేశారు, 1853లో బొంబాయి నుంచి ఠాణాకి ప్రయాణికుల రైలు నడవక ముందే. రాళ్ళు మోసిన వేలమంది కూలీలున్నారు, పనులు పురమాయించిన వీణం వీరన్న ఉన్నారు.

ఇక కంపెనీ ఎందుకు డబ్బు పెట్టింది? జాలి పడి మాత్రమే కాదు. జనాభా పడిపోయింది, శిస్తు పడిపోయింది. 1844లో మాంట్‌గోమరీ అనే కంపెనీ అధికారి జిల్లా అంతా తిరిగి రిపోర్టు రాశాడు. నీళ్ళిస్తే శిస్తు పెరుగుతుందని లెక్క తేలింది, పెరిగింది కూడా. కాటన్‌కి నిజంగా కరువు చూసి కడుపు తరుక్కుపోయింది, కంపెనీకి నిజంగా లాభం కనబడింది. రెండూ ఒకే ఆనకట్టలో ఉన్నాయి.

గోదారి_గట్టు
మరి దణ్ణం పెట్టుకోవాలా వద్దా?

ద్రాక్షారామం_రాళ్ళు
నేను పెట్టుకుంటాను. ఆ కాలవ నీళ్ళతో రెండో పంట, దాళ్వా వేసే చేను ఉన్నవాణ్ణి.

నర్సాపురం_లేసు
అన్నలూ, మాస్టారూ, రెండ్రోజుల నుంచి చదువుతున్నాను. రాజులు, దొరలు, కర్నల్స్ అయ్యారు. మామూలు మనుషుల సంగతి చెప్పే పాడ్‌కాస్ట్ నేను చెబుతాను. న్యూ బుక్స్ నెట్‌వర్క్ అని ఉంది, మార్షల్ పో అనే చరిత్రకారుడు పెట్టింది. అందులో సౌత్ ఏషియన్ స్టడీస్ అని వేరే చానెలు. కొత్తగా పుస్తకం రాసిన పరిశోధకుల్ని పిలిచి గంటసేపు మాట్లాడిస్తారు. మ్యూజిక్కు ఉండదు, జోకులుండవు, ఆడియో కూడా ఒక్కోసారి బావిలోంచి వచ్చినట్టుంటుంది. కానీ మనకి కావలసినవి అక్కడే దొరుకుతాయి. కూలీలు, వలసలు, ఆడవాళ్ళ పని, కాలవలు. బెంగళూరు ఇంటర్నేషనల్ సెంటర్ వాళ్ళ బీఐసీ టాక్స్ కూడా వినండి, అందులో మన దేశపు చరిత్రకారులు ఎక్కువ.

నేనెందుకు ఇందులో పడ్డానంటే, మాది పాత మండువా లోగిలి. స్తంభాలు, దూలాలు అన్నీ బర్మా టేకు. అమ్మ తలంటి పోసుకుని ఆ స్తంభానికి ఆనుకుని కూర్చుంటే చమురు పట్టి పట్టి ఒక మనిషి వీపంత మేర నల్లగా నిగనిగలాడుతుంది. చిన్నప్పటి నుంచి "తాత రంగం వెళ్ళి తెచ్చాడు" అనేవాళ్ళు. రంగం అంటే ఏదో కథలో ఊరనుకునేదాన్ని. సునీల్ అమృత్ బంగాళాఖాతం దాటిన వలసల మీద మాట్లాడుతుంటే విన్నాక, రంగూన్ మన పక్కూరే అనిపించింది. కాకినాడ నుంచి ఓడల మీద వేలమంది వెళ్ళేవారు, రేవులో మూటలు మోయడానికి, మిల్లుల్లో వడ్లు దంచడానికి. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్ళేవాడు, ఆ అప్పు తీరేదాకా అతని కింద పని. 1930 మే నెలలో రంగూన్ రేవులో మన తెలుగు కూలీలు జీతం కోసం సమ్మె చేశారు. కంపెనీలు బర్మా వాళ్ళని పెట్టుకున్నాయి, సమ్మె ముగియగానే వాళ్ళని పొమ్మన్నాయి. గొడవ అక్కడ రాజుకుని మనవాళ్ళ ప్రాణాల మీదికి వచ్చింది. మా తాత స్తంభాలు తెచ్చాడని గొప్పగా చెప్పుకునే మా ఇంట్లో ఈ సంగతి మాత్రం ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు.

కాకినాడ_కోటయ్యకాజా
అక్కా, బాగా రాశారు. దానికి ఇంకో ముక్క కలుపుతాను. వీ హావ్ వేస్ ఆఫ్ మేకింగ్ యూ టాక్ అని రెండో ప్రపంచ యుద్ధం మీద పాడ్‌కాస్ట్ ఉంది. జేమ్స్ హాలండ్ చరిత్రకారుడు, పక్కన ఆల్ ముర్రే కమెడియన్. బర్మా యుద్ధం మీద ఎపిసోడ్లున్నాయి. 1941 డిసెంబరు 23న జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులేశారు, 1942 మార్చికి ఊరు వాళ్ళ చేతికి పోయింది. ఏప్రిల్ 6న విశాఖ మీద, మా కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి. మా వీధిలో పెద్దవాళ్ళకి "బాంబుల ఏడు" అంటే ఇప్పటికీ గుర్తే. ఆ ఎపిసోడ్లలో ఆయుధాల పేర్లు, రెజిమెంట్ల పేర్లు బండెడు. పారిపోయి వచ్చిన కూలీల సంగతి కోసం మాత్రం మీరు చెప్పిన పుస్తకాల చానెలే మేలు.

గ్రూప్స్_అభ్యర్థి
నాకు అసలు సమస్య ఇంగ్లీషు సార్. నేను తెలుగు మీడియం. బ్రిటిషువాళ్ళ యాస అర్థమయ్యేలోపు వాక్యం దాటిపోతోంది.

రొయ్యల_రాత్రులు
నాకూ అంతే బ్రదర్, ఇంటర్‌తో ఆపేసినవాణ్ణి. స్పీడు 0.8 పెట్టుకో. ఆపిల్ పాడ్‌కాస్ట్స్‌లో, స్పాటిఫైలో చాలావాటికి మాటలు అక్షరాల్లో కనబడతాయి, అర్థం కాని చోట ఆపి చదువుకో. ఇంకోటి, వినే ముందు ఆ విషయం మీద తెలుగు వికీపీడియాలో ఒక పేజీ చదివితే పేర్లు ముందే తెలిసి ఉంటాయి. పేర్లు తెలిస్తే సగం అర్థమైనట్టే. మొదట అనితా ఆనంద్ మాట్లాడే చోట్లు పట్టుకో, ఆమె స్పష్టంగా పలుకుతుంది.

చందుర్తి_రైతు
అదంతా ఎందుకయ్యా, తెలుగులోనే ఎవరైనా చేయొచ్చు కదా! మన యూనివర్సిటీల్లో ఇంతమంది చరిత్ర ప్రొఫెసర్లున్నారు.

కొవ్వూరు_మాస్టారు
అక్కడే నాకూ మండుతుంది. మన రాజమండ్రిలో 1922లోనే ఆంధ్ర చరిత్ర పరిశోధక సంఘం పెట్టారు. భావరాజు వేంకట కృష్ణారావు, రాళ్ళబండి సుబ్బారావు లాంటివాళ్ళు. జీతాల కోసం చేసిన పని కాదు. రాగిరేకులు ఎక్కడ దొరికాయంటే అక్కడికి పరుగెత్తి, అచ్చుతీసి, చదివి, తమ పత్రికలో వేసేవారు. ఆ పత్రిక సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసి ఉన్నాయి. తెరిస్తే మీ ఊరి పేరే తగలొచ్చు. చిలుకూరి వీరభద్రరావు గారిది రేలంగి, మల్లంపల్లి సోమశేఖర శర్మ గారిదీ మన పశ్చిమ గోదావరే. ఇంత పని ఇంగ్లీషు, తెలుగు రెండింట్లో చేసిన గడ్డ మీద ఇప్పుడు మైకు పట్టుకునేది ఎవరు? "దాచేసిన చరిత్ర" వాళ్ళు. దాచిందెవరు నాయనా, అల్మారాలో ఉంది, తీసి చదివే దిక్కు లేదు!

ప్రొఫెసర్లని అనడం తేలిక. వాళ్ళకి పాడ్‌కాస్ట్ చేస్తే ప్రమోషన్ పాయింట్లు రావు. పైగా తెలుగులో చెబితే కులం పేరో, రాజు పేరో పట్టుకుని కామెంట్లలో బూతులు. ఒక తెలిసినాయన వేంగి చాళుక్యుల మీద మాట్లాడి, ఆ రాజు మావాడంటే మావాడని జనం కొట్టుకుంటే వీడియో తీసేశాడు.

ద్రాక్షారామం_రాళ్ళు
వేంగి చాళుక్యుల మీద వినాలంటే అనిరుద్ధ్ కనిశెట్టి ఉన్నాడు. ఎకోస్ ఆఫ్ ఇండియా అని పాడ్‌కాస్ట్ చేశాడు, దక్కను రాజుల మీద 2022లో పుస్తకం రాశాడు. ఇంగ్లీషే, కానీ మన పేర్లు మనలాగే పలుకుతాడు. అది విని మా గుడికి రండి. ద్రాక్షారామం భీమేశ్వరుడి గుళ్ళో గోడల మీద, స్తంభాల మీద వందల శాసనాలు. దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో అచ్చయ్యాయి. ఎక్కువ భాగం ఏముంటాయనుకున్నారు? అఖండ దీపానికి ఇన్ని గొర్రెలు, ఇన్ని ఆవులు ఇచ్చాం, ఫలానా బోయ ఇన్ని మానికల నెయ్యి పోయాలి అని. దానం ఇచ్చినవాళ్ళలో రాణులు, దండనాయకుల భార్యలు, వ్యాపారులు, గుడిసానులు (గుడి సేవలో ఉండే ఆడవాళ్ళు). సింథియా టాల్బట్ అనే అమెరికా ప్రొఫెసరు కాకతీయుల నాటి ఇలాంటి శాసనాలు కుప్పపోసి, ఎవరు ఎవరికి ఏమిచ్చారో లెక్కతీసి, అప్పటి సమాజం ఎలా ఉండేదో చెప్పింది. దణ్ణం పెట్టుకుని స్తంభానికి పసుపు రాసి వెళ్ళిపోతారు మనవాళ్ళు. పసుపు అక్షరాల్లోకి దిగి గట్టిపడితే ఇక చదవడం కుదరదు.

పాలకొల్లు_పెంకుటిల్లు
అయితే మొదటి తెలుగు ఎపిసోడు ఆ నెయ్యి లెక్క మీదే చేయండి. నేను ఎడిటింగ్ చేస్తాను, పెళ్ళి వీడియోలు చేసే సిస్టం ఉంది మా దగ్గర.

ద్రాక్షారామం_రాళ్ళు
నేను శాసనం చదువుతాను. మాస్టారు "అది నీకెలా తెలుసు?" అని అడగాలి. అలా అయితే వస్తాను.

కొవ్వూరు_మాస్టారు
అడగడానికి నేను రెడీ. ముప్పై ఏళ్ళు అదే చేశాను. కామెంట్లు మాత్రం బంద్ చేయండి.

గోదారి_గట్టు
కామెంట్లు బంద్ చేస్తే ఎవరూ వినరు మాస్టారూ. గొడవ పడటానికే వస్తారు మనవాళ్ళు.

కొవ్వూరు_మాస్టారు
వినకపోతే పోనీ. నూరుమంది వింటే చాలు.

నర్సాపురం_లేసు
ఇది నడుస్తుండగా నాదొక తొందర పని. మా అమ్మమ్మ చెల్లెలు రంగంలో పుట్టింది, 1942లో నడిచి వచ్చినవాళ్ళలో ఉంది. ఇప్పుడు తొంభై దాటాయి, సఖినేటిపల్లిలో ఉంటుంది. మాట బాగానే ఉంది, మధ్యాహ్నం నిద్ర లేచాక హుషారుగా చెబుతుంది. ఆదివారం పంటు మీద గోదావరి దాటి వెళ్తున్నాను, ఫోన్లో రికార్డు చేద్దామని. ఏం అడగాలి మాస్టారూ?

కొవ్వూరు_మాస్టారు
మంచి పనమ్మా, ఆలస్యం చేయకు. "మీ జీవితం చెప్పండి" అని అడగకు, అందరూ ఒకే కథ చెబుతారు. చిన్న చిన్నవి అడుగు. వాళ్ళ నాన్న ఏ మిల్లులో, మేస్త్రీ ఏ ఊరివాడు, ఓడ టిక్కెట్టు డబ్బు ఎవరిచ్చారు. ఇంట్లో ఏ భాష మాట్లాడేవారు, పక్కింట్లో ఎవరుండేవారు. వచ్చేటప్పుడు ఏ దారి: అరకాను కొండల మీదుగా చిట్టగాంగు వైపా, లేక మణిపురం వైపా? ఆవిడకి ఊళ్ళ పేర్లు గుర్తుండకపోవచ్చు, ఏరు దాటారా, పడవ ఎక్కారా, రైలు ఎక్కడ ఎక్కారు అని అడిగితే దారి తేలుతుంది. ఎవరు రాలేకపోయారో అడగడం మాత్రం ఆవిడే ఎత్తితేనే. మధ్యలో సరిదిద్దకు. తారీఖు తప్పు చెప్పినా చెప్పనీ, తర్వాత మనం చూసుకుందాం.

కాకినాడ_కోటయ్యకాజా
ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి అక్కా, మధ్యలో కాల్ వస్తే రికార్డింగ్ ఆగిపోతుంది. ఫ్యాను ఆపించండి, లేకపోతే అదే వినబడుతుంది. ఇంటికి రాగానే ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో.

నర్సాపురం_లేసు
ఫ్యాను ఆపితే మా అమ్మమ్మ చెల్లెలు నన్ను ఆపేస్తుంది తమ్ముడూ. అరుగు మీద కూర్చోబెడతాను.